పలక మీద రెండో చార

నా ఉద్యోగంలో చివరి మూడేళ్ళు ఏజెన్సీలో, ఘాట్ రోడ్డు పైనున్న ఒక ఆసుపత్రిలో గడిచాయి. హోదా ల్యాబ్ టెక్నీషియన్, గ్రేడ్ టూ. గ్రేడ్ వన్ రావలసిన ఏడాది నా ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో నాకు తెలుసు. ఇక్కడ రాసేది అది కాదు. నేను చేరిన ఏడాది పుష్యమాసంలో సికిల్ సెల్ కార్డులు కొత్తగా ఇస్తామని కొండ ఊళ్ళవాళ్ళకు మళ్ళీ పరీక్షలు చేయించారు. అప్పటి సంగతి.

నెత్తుటిలో ప్రాణవాయువును మోసేది హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్. అమైనో ఆమ్లాలు పూసల్లా వరసగా చేరి మడతపడితే ప్రోటీన్ అవుతుంది. మడతను బట్టే దాని పని. హీమోగ్లోబిన్‌లోని ఒక రకం దండలో ఆరో పూస మారితే చాలు, ప్రాణవాయువు వదిలాక అణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలవుతాయి. ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. అదే సికిల్ సెల్ జబ్బు. మారి వచ్చిన పూసకు అసలు పూసకున్న విద్యుదావేశం లేదు. అందుకే నెత్తుటి నమూనా పెట్టిన జెల్ పలకకు కరెంటు పెడితే ఈ 'ఎస్' రకం మామూలు 'ఏ' రకం కన్నా వెనకబడుతుంది. రంగు వేస్తే రోగికి ఎస్ చార ఒక్కటే కనిపిస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ మార్పు వచ్చిన వాహకులకు రెండూ కనిపిస్తాయి. కణాలు వంగకుండా రోగులు రోజూ వేసుకునే మాత్రలు వాళ్ళకు అక్కర్లేదు.

చిలకమ్మ తన పద్నాలుగేళ్ళ కూతురు భారతిని తీసుకొచ్చింది. పాత కార్డులో రోగి అనే ఉంది, రోజూ మాత్ర వేసుకుంటోంది. నెత్తురు తీయడానికి నేను పిల్ల చేతికి పట్టీ కడుతుంటే తల్లి అంది:

"బాబూ, నెల కిందట కింద ఆస్పత్రిలో గుంటకి రెండు సీసాల నెత్తురెక్కించినారు. ఆళ్ళు ఎక్కించింది నువ్వు తీసేత్తే ఎలాగ?"

చెంచాడు కూడా తియ్యనని చెప్పాను. నెత్తురెక్కించిన మాట రాయడానికి ఫారంలో గడి లేదు. అంచున పెన్సిలుతో రాశాను. పలక మీద రెండు చారలు వచ్చాయి. 'ఏ' చార నెత్తురిచ్చిన దాతది. ఎక్కించిన ఎర్రకణం దాదాపు నాలుగు నెలలు బతుకుతుంది. పైగా వాహకుల్లో 'ఏ' చారే దట్టంగా ఉంటుంది, ఈ పిల్లకు ఎస్ దట్టంగా ఉంది. అదీ రాశాను.

కంప్యూటర్లో ఎక్కించినవాళ్ళు అంచున రాసింది వదిలేశారు. నా సర్వీసంత వయసు లేని మెడికల్ ఆఫీసరు 'వాహకురాలు' అని రాసి మాత్రలు ఆపించాడు. గదికి వెళ్ళి చెప్పాను. కూర్చోమనలేదు. పాత కార్డు ఇచ్చిన క్యాంపులోనే తప్పు పడి ఉంటుందన్నాడు. ఇద్దరు నర్సుల ముందు ఇంకో మాటా అన్నాడు:

"పలక మీరు నడపండి మాస్టారూ, చదవడానికి నేనున్నాను. ఇంతకీ ఎండీ ఎప్పుడు చేశారు?"

నర్సులు నవ్వారు. ఇద్దరి పేర్లూ నాకు గుర్తే. జిల్లా ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను, నిబంధన ప్రకారం ఆ ఆఫీసరు చేతుల మీదుగానే. మొదటి దాంట్లో కుర్చీ సంగతి కూడా రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

మూడు నెలలు దాటాక భారతిని డోలీలో మోసుకొచ్చారు. తొడ కదిలిస్తే కేక పెడుతోంది. చిలకమ్మ సంచిలోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టింది.

"రోగం నేదని రాసిచ్చినారు కదా బాబూ. మరి ఇదేటి?"

నెత్తురెక్కించి అప్పటికి నాలుగు నెలలు దాటింది. మళ్ళీ ఎక్కించకముందే నమూనా తీసి రెండుసార్లు నడిపాను. రెండుసార్లూ ఒక్క ఎస్ చారే. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. నెత్తురందక తుంటి ఎముక అప్పటికే చచ్చిపోయింది. పిల్ల ఇప్పటికీ కుంటుతుంది. ఆఫీసరు ప్రమోషన్ మీద కిందికి వెళ్ళాడు.

మరుసటి ఏడు ఫారంలో కొత్త గడి వచ్చింది: గత నాలుగు నెలల్లో రక్తం ఎక్కించారా? ఆ గడి పెట్టమన్న ఉత్తర్వులో నా పేరు లేదు, ఉత్తరాల ఊసూ లేదు. అది మరిచిపోను.

కానీ ఆ మూడు నెలలూ చిలకమ్మ ప్రతి వారం సంతకు మా ల్యాబ్ కిటికీ ముందు నుంచే నడిచి వెళ్ళేది. మూడు ఉత్తరాలు రాసినవాణ్ణి, ఆమెను పిలిచి ఈ ఫలితం నమ్మవద్దని, పిల్లను ఇంకో డాక్టరుకు చూపించమని చెప్పలేదు. పరీక్ష మీద అనుమానం వస్తే ముందు చెప్పవలసింది ఆ నెత్తురు ఎవరిదో వాళ్ళకు. పైవాళ్ళకు రాయడం ఆ తర్వాత.