నల్ల పరదా అవతల

హామిల్టన్‌లో ఎమ్మెస్సీ చేరిన మొదటి చలికాలం. ఊరి నిండా తెలుగు స్టూడెంట్లే, మా ల్యాబ్‌లో మాత్రం నేనొక్కదాన్నే. కణాల లోపలి ప్రొటీన్‌కి గుర్తుగా చిన్న పెప్టైడ్ ట్యాగ్ తగిలించడం నా పని. ఆ ట్యాగ్‌ను పట్టుకునే, మెరిసే రంగు కలిపిన యాంటీబాడీ వేస్తే మైక్రోస్కోప్‌లో ప్రొటీన్ ఆకుపచ్చగా మెరవాలి. మూడు వారాలుగా నాకు నలుపు తప్ప ఏమీ కనబడలేదు.

మైక్రోస్కోప్ గదిని నల్ల పరదాతో రెండుగా చేశారు. అవతల పనిచేసే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. కబుర్లు చెప్పుకునే దిక్కులేక ఆ చీకట్లో కణాలతోనే తెలుగులో మాట్లాడేదాన్ని. కూర మాడిందనీ, బస్సు తప్పిందనీ చెప్పేదాన్ని. ఒకరోజు ఏడుపొచ్చి, ఆ ప్రొటీన్‌తో "ఎక్కడ చచ్చావే? ఒక్కసారి కనబడవే తల్లీ!" అని గట్టిగానే అన్నాను.

"డిటర్జెంట్ వేశావా అమ్మా?" అని పరదా అవతలి నుంచి తెలుగులో వినబడింది.

గబగబా నోట్‌బుక్ తిరగేశాను. నిజమే! కణం పొరకు చిల్లులు పెట్టే ఆ స్టెప్‌ను అందులో ఎక్కించుకోవడమే మరిచాను. యాంటీబాడీ లోపలికే వెళ్లలేదు.

పరదా తీస్తే పక్క ల్యాబ్ టెక్నీషియన్, మా అమ్మ వయసు తెలుగావిడ. సిగ్గుతో చచ్చిపోతూ, "ఎప్పట్నుంచి వింటున్నారు ఆంటీ?" అన్నాను.

"మొదటి రోజు నుంచీ. పలికితే మానేస్తావేమోనని ఊరుకున్నా. మా పిల్లలు తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే ఆన్సర్ చేస్తారమ్మా."

ఆ వారమే ప్రొటీన్ మెరిసింది. ఆ మెరుపు ఇప్పుడు సరిగ్గా గుర్తు కూడా లేదు. నా మాడిన కూర కబుర్ల కోసం ఒక మనిషి చీకట్లో చప్పుడు చేయకుండా కూర్చుందన్నది మాత్రం మరిచిపోలేను.