రెండు గంజుల ఎబెనేజరు

మా పైఅర్రల కిరాయికుండే ఎబెనేజరుకు ఒక్కటే పిచ్చి. ఏ పనైనా రెండుసార్లు చెయ్యాలె. ఉత్తగ రెండుసార్లు కాదు, ముందుది చెయ్యనే లేదన్నట్టు మొదటి నుంచి మల్ల చెయ్యాలె. రెండూ పక్కపక్కకు పెట్టి చూడాలె. ఎంట్రుకంత తేడా వచ్చినా రెండిటిని పక్కకు నూకాలె. దేవుడు వాన్ని గూడ రెండుసార్లు చేసి, కలిసినంకనే భూమ్మీదికి తోలిండని నా అనుమానం.

వచ్చిన దినమే తెలిసింది వాని సంగతి. ఇస్నాపూర్ల మా ఇల్లు చూసేటందుకు వచ్చిండు. జోగిపేట పిల్లగాడు, ముప్పై నాలుగేండ్లుంటయి, కండ్లద్దాలు. మెట్లెక్కి అర్ర చూసిండు, నల్లా తిప్పిండు, కిటికీ తీసిండు. దిగి, మాట పలుకు లేకుండ గేటు బయటికి పోయిండు. నచ్చలేదేమో తీయ్ అనుకున్న. మల్ల గేటు కొట్టిండు.

"నమస్తే అమ్మా. పైన అర్ర ఖాళీ ఉన్నదంట గద?"

"ఇప్పుడే గదరా చూసినవ్! మతి గిట్ల తప్పిందా?"

"లేదమ్మా. రెండోసారి చూసినా గట్లనే ఉంటే తీసుకుంట."

మల్ల ఎక్కిండు, మల్ల నల్లా తిప్పిండు, మల్ల కిటికీ తీసిండు. "బరాబర్ ఉన్నది, రేపొస్త" అన్నడు. తెల్లారి సామాను దించిండు. మంచం ఒక్కటే, సాప ఒక్కటే, కంప్యూటర్లు మాత్రం రెండు.

చాయ తాగుడు సూస్తే నవ్వాలెనో ఏడ్వాలెనో తెల్వది. రెండు పొయ్యిలు, రెండు గిన్నెలు, రెండిట్ల లెక్కపెట్టి ఏసిన చక్కెర. దీంట్లకెల్లి ఒక గుక్క, దాంట్లకెల్లి ఒక గుక్క. కలిస్తే తాగుతడు, కలవకుంటే మోరీల పోస్తడు. చర్చిల పాస్టరయ్య ఒక ఆమెన్ అంటే వీడు రెండంటడంట. ఇంటికి తాళమేసి గేటు దాక పోయి, మల్ల వచ్చి తాళం తీసి, మల్ల ఏసి పోతడు. వాని తల్లి జయశీలమ్మ ఒకసారి జోగిపేట నుంచి వచ్చి నా ముంగట చేతులు జోడించింది. "అక్కా, వీనికి పిల్లను చూద్దామంటే భయమైతున్నది. పెండ్లి గూడ రెండుసార్లు చేసుకుంటనంటడేమో!"

ఇంకొకటి చెప్పాలె. వాడు నీళ్లు తాగుడు. మనిషి తాగినట్టు తాగడు, ఒంటె తాగినట్టు తాగుతడు. పొద్దున ఒక బిందె పైకి మోస్తడు, మాపటికల్ల ఒక బిందె. వీనికోసం దినాం బోరు మోటరు ఎయ్యలేక నా పానం పోతుండె.

"కడుపుల ఏమన్న చేను పండిస్తున్నవారా?" అని అడిగితే నవ్వుతడు, ఇంకొక గిలాస తాగుతడు.

నీ నౌకరి ఏందిరా అని అడిగిన ఒకసారి.

"ఆపరేటింగ్ సిస్టమ్ల క్రిప్టో లైబ్రరీలు ఉంటయమ్మా. వాటి బిల్డ్ సిస్టమ్ నేను చూసుకుంట."

"రెండుసార్లు చెప్పినా నాకు తెల్వది గానీ, ఒక్కసారి తెలుగుల చెప్పు."

"ఫోన్ల మాట్లాడినా, బ్యాంకు పని చేసుకున్నా ఎవడూ దొంగతనంగ సదవకుండ తాళం పడ్తదమ్మా. ఆ తాళం ఎట్లుండాలెనో ఎవరో రాస్తరు. ఆ రాసింది చూసి తాళం తయారుచేసి, అందరి కంప్యూటర్లకు పంపే కార్ఖాన ఉంటది. ఆ కార్ఖాన సక్కగ నడిచేటట్టు చూసుడే నా పని."

"మరి ఒక తాళం చేసి పంపితే సాలదా?"

"రాసిన కాయితం అందరికీ కనవడ్తది. తయారైన తాళం లోపట ఏమున్నదో ఎవరికీ కనవడది. నడుమ ఎవడన్న చెయ్యి పెడితే? అందుకే రెండు కంప్యూటర్ పెట్టెల మీద వేరేవేరుగ, మొదటి నుంచి చేస్త. ఒక్క అక్షరం తేడా లేకుండ రెండూ కలిస్తేనే బయటికి పోతది. కలవలేదంటే, కాయితంల లేనిదేదో లోపట పడ్డట్టు."

నాకు సమజైంది. పొద్దుమాపు గదే పని చేసి చేసి వాని బుర్ర గూడ గట్లనే తయారైంది.

ఒక బేస్తారం నాడు పైన లొల్లి లొల్లి. వాని సారు ఫోన్ల మొత్తుకుంటున్నడు, మా ఇంటి ముంగటి కుక్కకు గూడ ఇనవడ్తున్నది. వీడు మెల్లగ, "కలుస్తలేవు సార్. పంప" అంటున్నడు. నిన్నటి నుంచి అన్నం తినలేదని తెలిసి పల్లెం పట్టుకొని పోయిన.

"ఏం తేడా వచ్చిందిరా గంతగనం?"

"పెట్టె తాళం చేసేటప్పుడు, తాను ఏ తారీఖు, ఏ టైముకు చేసిందో తాళంల రాస్తున్నట్టున్నదమ్మా. రెండు పెట్టెల టైము ఒకటి గాదు గద."

"గింతేనా! మా పంతులునడుగు, చెప్తడు."

"ఏ పంతులు?"

"కొండాపూర్ దిక్కు మా ఊరి బళ్లె. నేను రెండో తరగతి దాకనే పోయిన గానీ గది యాదికున్నది. ఒక్కొక్కలను ఎప్పుడు పుట్టినవని అడిగే ఓపిక లేక, బడి మొత్తానికి జూన్ ఒకటో తారీఖే రాసిండు. నాకు, మా చెల్లె బీరమ్మకు గూడ గదే తారీఖు, గదే సంవత్సరం. ఒక తల్లికి ఒక్కటే దినం పుట్టినం, కవలలం గాదు!"

వాడు అన్నం ముద్ద నోట్ల పెట్టుకున్నోడు పెట్టుకున్నట్టే లేచిండు.

"అమ్మా! మేం గూడ గదే చేస్తం! అన్నిటికీ ఒక్కటే తారీఖు రాస్తం. కొత్తగ తెచ్చిన ఈ ఒక్కదానికి రాసుడు మర్శిన!"

టకటక కొట్టిండు. రెండు పెట్టెలు గుర్రుమన్నయి. నేను కిందికొచ్చిన కాసేపటికి మెట్ల మీదికెల్లి ఎగురుకుంట దిగొచ్చి, "సేమ్, అమ్మా! సేమ్!" అన్నడు. రెండుసార్లే అన్నడు మల్ల.

ఇగ నా తొక్కు సంగతికొస్త. మా ఆయన సత్తయ్య మందుగోలీల కంపెనీల ముప్పై ఏండ్లు చేసిండు. ఆయన టిఫిన్ల నా టమాట తొక్కు ఉంటే చుట్టూ పదిమంది చేరుతుండిరి. ఆయన పోయినంక కంపెనీ క్యాంటీను చూసే దేవదానం వచ్చి, "వదినా, అన్న టిఫిన్ లేకుంటే అన్నం దిగుతలేదు. వారానికొక డబ్బ పంపరాదు?" అన్నడు. గప్పటి నుంచి ప్రతి సోమారం మూడు కిలోల డబ్బ పోతది. క్యాంటీన్ల బోర్డు మీద చాక్‌పీసుతోని 'ముత్యమ్మ తొక్కు' అని రాస్తరు. మా ఆయన టిఫిన్ ఇంకా నేనే కడ్తున్నట్టు నాకు.

మొన్న ఏడాది కొత్త మేనేజరు వచ్చిండు. "ఇంట్ల చేసింది ఎందుకు? ఒక్కసారి తేడా వచ్చినా ప్యాకెట్ల తొక్కు తెప్పిస్త" అన్నడంట. దేవదానం చెప్తే నేను మండిపడ్డ. "నా తొక్కుల తేడానా? నలభై ఏండ్ల నుంచి నా పిడికిలే తరాజు!" బీపీ ఉన్నదని డాక్టరు నాకు తొక్కు బంద్ పెట్టిండు, అందుకే నేను నాలికకు అంటియ్య. అంటిచ్చి చూసుడు కొత్త కోడండ్లు చేస్తరు.

గా మాట మెట్ల మీద నిలబడి ఎబెనేజరు ఇన్నడు. ఆదివారం చర్చి నుంచి వచ్చుకుంట పటాన్‌చెరు మార్కెట్ల టమాటలు తెచ్చిండు.

"అమ్మా, ఈసారి నుంచి రెండు గంజులల్ల చెయ్యుండ్రి. రెండో గంజు టమాటలు నావి. కోసుడు గూడ నేనే కోస్త."

"నీ పిచ్చి నా పొయ్యి మీదికి తెచ్చినవారా!"

తిట్టిన. శాన తిట్టిన. గానీ టమాటలు కోసేటోడు దొరికిండు గద అని ఊకున్న. ఇగ ప్రతి ఆదివారం రెండు గంజులు, రెండు పోపులు. వాడు రెండు చెంచాలు పట్టుకొని దీంట్లకెల్లి ఇంత, దాంట్లకెల్లి ఇంత నాకి, కండ్లు మూసుకుంటడు. కొన్నిసార్లు "సేమ్" అంటడు, కొన్నిసార్లు ఏమనడు. ఒక డబ్బ బండి మీద క్యాంటీనుకు తీస్కపోతడు, ఇంకొకటి పైకి మోస్తడు. "గంత తొక్కు ఏం జేస్తున్నవురా?" అంటే, "మా చర్చోళ్లు తింటరమ్మా" అని, నీళ్ల బిందె ఎత్తుకొని పోతడు.

పోయిన నెల వాని చెల్లె క్యాథరిన్ పెండ్లి. శుక్రారం జోగిపేటకు పోయిండు. పోయేటప్పుడు చెప్పిందే చెప్పిండు.

"అమ్మా, రెండు గంజులు."

"సరే పో."

"రెండు గంజులమ్మా."

"పోరా నాయనా! పెండ్లిపిల్ల ఎదురు చూస్తున్నది!"

పీడ పోయిందనుకొని ఆదివారం ఒక్కటే గంజు పెట్టిన. సరిగ్గ ఉప్పు ఏసే యాళ్లకు బీరమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ ఎండి కడియాలు ఎవరికి రావాలెనని మాకు పదిహేనేండ్ల నుంచి కొట్లాట. గంటసేపు కడిగిపారేసిన. పానం హాయిగైంది. తొక్కు డబ్బల పెట్టి పంపిన.

సోమారం మద్యాన్నం దేవదానం డబ్బ వాపస్ పట్టుకొని వచ్చిండు. మొకం గింతైంది.

"వదినా, ఏమనుకోకు. నోట్ల పెట్టుకునేటట్టు లేదు. మేనేజరు రేపటి నుంచే ప్యాకెట్లన్నడు. ఒక్క దినం ఆగమని బతిమిలాడిన. పొద్దుగాల మంచి డబ్బ వస్తే సరే, లేకుంటే బోర్డు మీది పేరు తుడుస్తడు."

"నీ నాలిక ఖరాబైంది!" అన్న. అని, బీపీ గీపీ పక్కకు పెట్టి ఏలు ముంచి నాకిన. తూ! సముద్రమే. ఆయన టిఫిన్ నా చేతులతోనే పారబోసినట్టయింది.

గప్పుడే ఫోన్ మోగింది. ఎబెనేజరు. ఎనుక బ్యాండు సప్పుడు.

"అమ్మా, అక్కడ కరెంటు పోయిందంట. జెర పైకి పోయి నా పెట్టెలు రెండూ నడుస్తున్నయా చూస్తరా?"

కండ్లు తుడుసుకుంట, నా దగ్గరుండే ఇంకొక తాళంచెవి పట్టుకొని ఎక్కిన. లైట్లు రెండూ వెలుగుతున్నయి. వంగి చూస్తే మంచం కింద డబ్బలు. ఆరు. నా డబ్బలే. నాలుగు ఖాళీ, ఒకటి సగం, ఒకటి నిండ. ఒక్కొక్క దాని మీద చీటి. అక్షరం అక్షరం కూడబలుక్కొని సదివిన.

'మార్చి తొమ్మిది. బీరమ్మ గారి ఫోన్. ఉప్పు రెండు పిడికిళ్లు.'

'మార్చి ముప్పై. కరెంటోళ్లను తిట్టింది. రెండు పిడికిళ్లు.'

'ఏప్రిల్ ఇరవై ఏడు. నేనే. చెప్పులతో లోపటికొచ్చిన. మూడు పిడికిళ్లు.'

సమజైంది. తిట్టుకుంట ఉప్పేస్త, ఏసింది మర్శి మల్లేస్త. వాడు మంచి డబ్బ క్యాంటీనుకు ఇచ్చి, ఉప్పు డబ్బ పైకి తెచ్చుకొని, దినాం తిని, బిందెలు బిందెలు నీళ్లు తాగిండు. నేనేమో మోటరుకు ఏడ్చిన.

"ఎబెనేజరూ! నీ మంచం కింద ఏందిరా ఇది?"

"మ్యాచ్ కాలేదమ్మా" అన్నడు మెల్లగ.

"నాకు చెప్పరాదురా?"

"చెప్తే తిడ్తరు. తిట్టుకుంట ఇంకొక పిడికెడు ఏస్తరు."

నాకు ఏడుపాగి నవ్వొచ్చింది. క్యాంటీను సంగతి చెప్పిన. వాడు పెండ్లిపందిట్లనే ఉపాయం చెప్పిండు. "రెండు గంజులు పెట్టుండ్రి. ఫోన్ బంద్ చెయ్యుండ్రి. ఉప్పు తీసేముంగట నోటి నిండ నీళ్లు పోసుకోండ్రి. ఉప్పేసినంక, ఏసినట్టు యాదికుండేటందుకు ఉప్పు డబ్బ మీది మూత బోర్లించి, గప్పుడే ఉమ్మెయ్యుండ్రి."

గట్లనే చేసిన. నోట్ల నీళ్లుంటే కండ్లతోని తప్ప తిట్టేటందుకు లేదు. దేవదానం రెండు చెంచాలతోని రెండు గంజులు చూసిండు. "ఒక్కటే తీరు ఉన్నది వదినా" అన్నడు. తెల్లారి డబ్బ పోయింది. బోర్డు మీది పేరు ఉన్నది, ఇయ్యాల్టికీ ఉన్నది.

పెండ్లి నుంచి వచ్చినంక మొన్న ఆదివారం వాడు మల్ల రెండు చెంచాలు పట్టుకొని నిలబడ్డడు. నా నోట్ల నీళ్లు, ఇంకా ఉమ్మెయ్యలే. దీంట్లకెల్లి ఇంత, దాంట్లకెల్లి ఇంత నాకిండు. కండ్లు మూసుకున్నడు. "సేమ్" అన్నడు.

నాకు నవ్వాగలే. నోట్ల ఏమున్నదో మర్శిన. నీళ్లన్నీ పోయి వాని మొకం మీద, కండ్లద్దాల మీద పడ్డయి.

వాడు చెంచాలు పక్కకు పెట్టిండు. అద్దాలు తుడుసుకున్నడు.

"అమ్మా, ఇది మాత్రం ఒక్కసారి సాలు."