సగం కరెంటు మీద మా తాత

ఆ మధ్యాహ్నం సిద్దిపేటలో మా కిరాయి ఇంటి హాల్లో ఉన్నవి, ఉన్నవాళ్లు: అద్దం మూత ఉన్న ఫ్రీజర్ పెట్టె ఒకటి. అందులో మా తాత. ఆయన తల దగ్గర దీపం, కాళ్ల దగ్గర అగరబత్తులు. గోడవారగా బాపు, ఏడ్చి గొంతు పోయిన అమ్మ, మా కులపెద్ద నర్సయ్య పెద్దబాపు, పక్కింటి సత్తెమ్మవ్వ. చాపల మీద దుబ్బాక నుంచి వచ్చిన చుట్టాలు. తలుపు దగ్గర నా భార్య లావణ్య. దివాన్ కింద, ఎవరికీ కనపడకుండా, ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. వీటన్నిటి మధ్య, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఫస్ట్ క్లాసులో పాసైన మూర్ఖుడొకడు.

ఆ చివరి ఐటం నేను. చావింట్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏం పని అని మీరు అడగాలి. ఆ ప్రశ్న ఆ రోజు ఎవరూ అడగకపోవడం వల్లే ఇంత ఘోరం జరిగింది. చావింట్లో నవ్వకూడదని నాకు తెలుసు. చదువుతూ మీరు నవ్వితే ఆ పాపం నా ఖాతాలో వేయండి. అక్కడ ఇంకొంచెం జాగా ఉంది.

రెండేళ్ల కిందట నాకు తైవాన్‌లో, కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో ఉన్న కరెంటు సామానులో ఏది తీసుకెళ్లాలి, ఏది వదలాలి అన్నది పెద్ద పంచాయితీ అయింది. మన గోడలో రెండు వందల ముప్పై వోల్టులుంటాయి. అక్కడ నూట పది. ఏ వస్తువు ఎంత కరెంటుకు పనిచేస్తుందో దాని అడుగునే రాసి ఉంటుంది. బోర్లించి చదివితే అయిపోయే పని. కానీ లావణ్య ఒప్పుకోలేదు.

"మిక్సీ తీస్కపోదాం."

"ఆడ కరెంటు సగమే ఉంటది. అది నడవదు."

"నడవదని మీకెవరు చెప్పిన్రు?"

"అడుగున రాసి ఉన్నది."

"టీవీ ఎనక సుత ఏదో రాసి ఉన్నది. మరి టీవీ నడుస్తదంటిరి?"

"అది వేరే రాత."

"ఒక్కొక్కదాని తలరాత చదువుకుంట కూసుంటరా, పెట్టెలు సర్దేది ఉన్నదా?"

మామూలు మనిషైతే ఇక్కడ నవ్వి ఊరుకుంటాడు. నేను హైదరాబాద్ వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చాను. గోడ కరెంటును నూట పదికి దించుతుంది. దాన్ని దివాన్ కిందికి తోసి, దాని నుంచి ఒక తెల్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు హాల్లోకి లాగాను. దివాన్ దాకా ఇండియా, తెల్ల బోర్డు నుంచి తైవాన్. ఒక్కో వస్తువునూ ఆ బోర్డుకు పెట్టి, బతికినదాన్ని తీసుకెళ్లడం, బతకనిదాన్ని వదిలేయడం. అంతా పద్ధతిగా ఉంది కదా?

మిక్సీ బతుకమ్మ ఆడింది. అంటే బ్లేడు అంత నిదానంగా, అంత భక్తిగా తిరిగింది. రైస్ కుక్కర్ పూటంతా కష్టపడి బియ్యాన్ని గోరువెచ్చగా నానబెట్టింది. టీవీ మాత్రం ఏమీ ఎరగనట్టు నడిచింది. ఆ ఉత్సాహంలో తాత గదిలోని టేబుల్ ఫ్యాన్ కూడా తెచ్చి బోర్డుకు పెట్టాను. తాత లేచి వచ్చి దాని ముందు నిలబడ్డాడు.

"ఏందిరా గీ గాలి?"

"తైవాన్ గాలి తాతా."

"ముసలి గాలి. నా లెక్కనే ఉన్నది. కరెంటుకు సుత ఉపాసం పెట్టిస్తున్నవా?" అని నాలుక 'టక్'మని కొట్టాడు.

తాతకు ఏది నచ్చకపోయినా అంతే. తిట్టడు, నాలుక కొడతాడు. దుబ్బాకలో మగ్గం నేసినన్నాళ్లూ, పోగు తెగినప్పుడల్లా ఆ చప్పుడు వినిపించేదట.

"గిది నా బిడ్డ భివండిల మొదటి జీతంతోని కొన్న ఫ్యాను. గిది సముద్రం దాటది. తీసెయ్."

తీసేశాను. ఆ బిడ్డ మా యాదమ్మత్త, తాతకు ఒక్కతే కూతురు. పెళ్లయి మహారాష్ట్రలోని భివండి వెళ్లి, భర్తతో పాటు పవర్‌లూమ్ మీద పనిచేస్తోంది. అంతకు ముందు దసరాకు వచ్చినప్పుడు తండ్రిని తనతో రమ్మంది. తాత రానన్నాడు. మాటా మాటా పెరిగి అత్త చెప్పకుండా బస్సెక్కింది. అప్పటి నుంచి ఫోన్లో ఇద్దరూ ముక్తసరిగా మాట్లాడుకునేవారు.

వారం తిరక్కముందే ఒక తెల్లవారుజామున తాత నిద్రలోనే పోయాడు. గుండె అన్నాడు డాక్టర్. ఫ్యాన్ ఆయన గదిలో గోడ ప్లగ్గుకే ఉంది, పూర్తి కరెంటు మీదే తిరుగుతోంది. మీకు అనుమానం రాకూడదని ముందే చెప్తున్నాను.

బాపు అత్తకు ఫోన్ చేస్తే అవతల నుంచి ఒకటే మాట. "నాయిన మొఖం నాకు చూపియ్యకుండ తీస్కపోకుండ్రి అన్నా. మీ కాళ్లు మొక్కుత." బస్సు సాయంత్రం బయల్దేరితే ఇక్కడికి చేరేది మర్నాడు పొద్దున. పైగా పెళ్లిళ్ల రోజులు, సీట్లు లేవట. ఎండాకాలం. అందుకే ఫ్రీజర్ పెట్టె తెప్పించాం.

పెట్టె తెచ్చినతను వైరు చేతిలో పట్టుకుని అడిగాడు, "ఏడ పెట్టమంటవ్ అన్నా?"

ఇంట్లో ఉప్పు డబ్బాకు కూడా చీటీ అంటించినవాణ్ణి నేను. తెల్ల బోర్డుకు అంటించలేదు. దాన్ని నేను తప్ప ఎవరు వాడతారని. ఆ నేనే, ఏడ్చి ఉబ్బిన కళ్లతో, ఇంటికి ఇంజినీర్ని కదా అన్న బాధ్యతతో, వేలు చూపించి మరీ చెప్పాను.

"గా తెల్ల బోర్డుకు పెట్టు. మంచి కంపెనీది."

పెట్టెలో లైటు వెలిగింది. పక్కన టెంపరేచర్ అంకె వెలిగింది. అతను ఇంకో ఇంటికి వెళ్లాలని తొందరగా వెళ్లిపోయాడు. పాస్‌పోర్టు లేకుండా, వీసా లేకుండా, మా తాత నాకంటే ముందే తైవాన్ చేరాడు.

అక్కణ్నుంచి నేను పెట్టెకు అధికార ప్రతినిధినయ్యాను.

"ఎంతున్నదిరా?" అన్నాడు పెద్దబాపు.

"ముప్పై మూడు."

"గది సల్లదనమేనా?"

"పెట్టె ఎండలకెల్లి వచ్చింది గదా పెద్దబాపూ. ముందుగాల దాని ఒళ్లు సల్లబడాలె."

చాలాసేపటికి మళ్లీ అడిగాడు. "ఇప్పుడెంత?"

"ముప్పై మూడే. స్థిరంగ ఉన్నది."

స్థిరంగా ఉండడం మంచి లక్షణమని కూడా అన్నాను. అవును, ఇంత చదువు చదివిన నోటితోనే.

అప్పుడు సత్తెమ్మవ్వ చెయ్యి పైకెత్తింది. "ఊకోండ్రి. ఇన్నరా?"

"ఏంది అవ్వా?"

"ఇనుండ్రి."

అందరూ పెట్టె వైపు వంగారు. పెట్టె లోపలి నుంచి, మెల్లగా, స్పష్టంగా వచ్చింది. టక్.

"నాలికె కొట్టిండు," అంది సత్తెమ్మవ్వ.

చాపల మీద ఆడవాళ్లు గొల్లుమన్నారు. నేను కల్పించుకున్నాను. "కాదవ్వా. వేడికి స్టీలు సాగుతది. గా సప్పుడు."

"స్టీలుకేం ఎరుకరా, యాదమ్మ అలిగి పోయిన సంగతి?"

నేను మళ్లీ అంకె చదవడానికి వంగాను.

కొంచెం ఎండ వాలాక నర్సయ్య పెద్దబాపు అసలు మాటెత్తాడు. చెడ్డవాడు కాదు. ఎన్నో చావులు దగ్గరుండి జరిపించినవాడు. ఎండాకాలంలో ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఆయన కళ్లారా చూశాడు.

"ఇగో తమ్మీ," అన్నాడు బాపుతో. "యాదమ్మ ఫోను కలుస్తలేదు. బస్సు దొరికిందో లేదో తెల్వది. పొద్దు గూకకముందే తీస్కపోదాం."

"చెల్లె ఒక్కతే బిడ్డ అన్నా. దాని మొఖం చూడకుండ ఎట్ల?"

"నాకు మాత్రం మనసొప్పుతదా? నేననేది ఏందంటే..."

టక్.

పెద్దబాపు పెట్టె వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"కాకా, నీ మంచికే చెప్తున్న. నేననేది..."

టక్.

కులపంచాయితీలో నలుగురినీ నోరు మూయించే మనిషి, లేచి నిలబడి ఫ్రీజర్ పెట్టెకు రెండు చేతులూ జోడించాడు. "సరే కాకా. సరే. పొద్దుగాల దాక ఉంచుతం. బిడ్డ వచ్చినంకనే పోదువు."

బాపు ఆ రోజు మొదటిసారి కూలబడి గట్టిగా ఏడ్చాడు. నేను అంకె చూశాను. స్థిరంగా ఉంది.

ఉక్కపోతకు అమ్మ సొమ్మసిల్లేలా ఉందని, లావణ్య తాత గదిలోంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చింది. తెల్ల బోర్డులో ఒక సాకెట్ ఖాళీగా కనపడితే ప్లగ్గు పెట్టింది. స్విచ్ వేసింది. రెక్కలు ఒకదాన్నొకటి పరామర్శించుకుంటున్నట్టు తిరిగాయి.

లావణ్య ఫ్యాన్ వైపు చూసింది. బోర్డు వైపు చూసింది. వైరు వెంట దివాన్ దాకా చూసింది. తర్వాత నా వైపు చూసింది. మా పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను చాలా రకాలుగా చూసింది. ఆ చూపు మాత్రం కొత్తది.

దగ్గరికొచ్చి చెవిలో అంది. "ఇగో, ఇటు చూడుండ్రి. ముసలి గాలి."



ఆ టక్ టక్ ఏమిటో అప్పుడు తెలిసింది. సగం కరెంటుతో పెట్టెలోని కంప్రెసర్ లేవబోయి లేవలేక వేడెక్కుతోంది. అది కాలిపోకుండా ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ అనే చిన్న స్విచ్ టక్కున కరెంటు తెంపుతోంది. చల్లబడ్డాక మళ్లీ టక్కున కలుపుతోంది. లైటుకు, అంకెకు సగం కరెంటు చాలు, అవి వెలుగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి మా తాత ఉన్నది ఫ్రీజర్‌లో కాదు, ఎండకు వేడెక్కిన స్టీలు డబ్బాలో.

అద్దం మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. వంగి వాసన చూశాను. అగరబత్తి. ఇంకోసారి చూశాను. అగరబత్తే. చూసినవాళ్లు మనవడు తాతకు ముద్దు పెడుతున్నాడనుకుని ఇంకా ఏడ్చారు.

"పెద్దబాపుకు చెప్తరా?" అంది లావణ్య.

బయట ఇంకా ఎండ ఉంది. చెబితే ఆయన ఒక్క నిమిషం ఆగడు, పాడె కట్టిస్తాడు. ఆయన తప్పూ కాదు. అత్త పొద్దున దిగేసరికి బూడిద ఉంటుంది. చెప్పకపోతే, ఇప్పటికే ఆలస్యమైపోయి ఉంటే, కూతురు చూసే ఆఖరి ముఖం ఎలా ఉంటుందో నేను రాయను.

"నాకేం తోస్తలేదు లావణ్యా."

"మీకు తోచినప్పుడే గింత జేసిన్రు. ముందు ప్లగ్గు మార్చుండ్రి."

చాపల మధ్య నుంచి పాకుతూ వెళ్లాను.

"ఏం జేస్తున్నవ్‌రా?" అన్నాడు పెద్దబాపు.

"జర లూజున్నది పెద్దబాపూ."

ప్లగ్గు పీకగానే పెట్టెలో లైటు ఆరిపోయింది. హాలంతా ఒక్క అరుపు. మొదటిసారి ప్లగ్గు గోడ సాకెట్లోకి పోలేదు. రెండోసారి పోయింది. అంతే, నిండు కరెంటు తగిలిన కంప్రెసర్ గుర్రుమని లేచింది. పెట్టె ఒక్కసారి కదిలింది. లోపల తాత కూడా కొంచెం కదిలాడు. సత్తెమ్మవ్వ వయసు మరిచి గడప దాటి వాకిట్లో పడింది.

నేను గోడకు వీపు ఆనించి, పెద్దబాపుకు నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే బాపు ఫోను మోగింది.

"చెల్లె! ఆ... దొరికిందా? ఎక్కినవా?" బాపు మా వైపు తిరిగాడు. "బస్సెక్కిందట. డ్రైవర్ పక్కన కూసోబెట్టుకున్నరట."

అందరూ పెట్టె వైపు చూశారు. ఎదురుచూశారు. టక్ లేదు. ఎంతసేపు చూసినా లేదు.

"బిడ్డ బస్సెక్కిందని ఎరుకయింది," అన్నాడు పెద్దబాపు మెల్లగా. "ఇగ ఊకున్నడు."

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. అంకె దిగడం మొదలైంది. ఒక్కో డిగ్రీ దిగినప్పుడల్లా ప్రకటించాను. ఎవరూ వినలేదు. టెంపరేచర్‌తో వాళ్లకు పనిలేదిక.

పొద్దున అత్త బస్సు దిగి నేరుగా పెట్టె దగ్గరికే వచ్చింది. మూత తీయించి తండ్రి చెంప మీద అరచెయ్యి పెట్టింది. "ఎంత సల్లగ పండుకున్నవ్ నాయినా," అంది. ముఖం మామూలుగానే ఉంది, నిద్రపోతున్నట్టు. నేను అప్పటిదాకా దాన్ని నేరుగా చూడలేదు.

కర్మలన్నీ అయ్యాక, భివండి తిరిగి వెళ్లేముందు, అత్త నన్ను పక్కకు పిలిచింది. టేబుల్ ఫ్యాన్‌ను చీరతో చుట్టి సంకలో పెట్టుకుంది.

"అందరు చెప్తున్నరు. నాయిన నాకోసం నాలికె కొట్టిండట. నిజమేనారా? నువ్వు సుత ఇన్నవా?"

"ఇన్న అత్తా. శానసేపు."

"నా మీద కోపం పెట్టుకోని పోయిండనుకున్న. ఎట్ల కొట్టిండు?"

నాలుక కొట్టి చూపించాను. టక్. నేను అనుకరించింది తాతనో, ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్‌నో ఈ రోజుకీ నాకు తెలియదు. అత్త మాత్రం కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "అచ్చం గట్లనే," అంది.

ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను పాత సామాను అతనికి ఇచ్చేశాను. బరువు చూసి అతను సంతోషించాడు.

కనుక, ఇది చదివిన పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ దేశం కరెంటునూ ఆ దేశం వెళ్లకముందు మా ఇంట్లోకి తీసుకురాను. వస్తువు అడుగున రాసినదాన్ని నమ్ముతాను. నా భార్య చూపును అంతకంటే ఎక్కువగా నమ్ముతాను. స్థిరంగా ఉన్న ఏ అంకెనూ మెచ్చుకోను. పోయినవాళ్ల ప్లగ్గు గోడకే పెడతాను.

తైవాన్ బయల్దేరిన రోజు మా పెట్టెల్లో మిక్సీ లేదు, కుక్కర్ లేదు, నడుస్తుందని తేలిన టీవీ కూడా లేదు. ఫోన్ ఛార్జర్ ఉంది. దాని మీద వంద నుంచి రెండు వందల నలభై వోల్టులు అని రాసి ఉంది. లావణ్య చేత కూడా చదివించాను. మొత్తం సామానులో ప్లగ్గు ఉన్న వస్తువులు: ఒకటి.