ప్లగ్గులకు పూసిన పసుపు

యారాడలో కారున్న జాలరి అప్పలసూరి ఒక్కడే. తుఫానులో తెప్ప పోయాక ఇక సముద్రం మొహం చూడనని ఒట్టేసుకుని, ఎవరో వదిలించుకున్న పాత పెట్రోలు అంబాసిడర్ కొన్నాడు. అది కారా? ఒట్టి పెంకి దున్నపోతు! ఎండలో పరిగెత్తేది, చినుకు పడితే మొరాయించేది. అయినా ఊళ్ళో ఎవరిని పాము కరిచినా, ఎవరికి నొప్పులొచ్చినా కొండ దాటించి టౌను ఆసుపత్రికి చేర్చేది అదే.

తొంభై ఎనిమిది వానాకాలంలో కూతురు మహేశ్వరి తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. నెలలు నిండేసరికి అప్పలసూరి గుండెల్లో రాయి పడింది. ఊరి ఆడపిల్లలందరినీ దాటించిన బండి తన పిల్ల దగ్గర ఆగిపోతే? టౌనుకెళ్ళి గురువులు అనే మెకానిక్ కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఉప్పుగాలికి వైర్లు పగిలిపోనాయి బావా," అన్నాడు గురువులు. "తడి తగిల్తే కరెంటు, ఇంజన్లో నిప్పు రాజేసే ప్లగ్గుకి ఎల్లకుండా పక్కకి పారిపోతాది. ప్లగ్గులూ, వైర్లూ రెండూ మార్సు. పాత ప్లగ్గు మీదున్న నంబరే కొను, సవక సరుకు ముట్టుకోకు. వైర్లు ఒకటిప్పి ఒకటెయ్యి. అన్నీ ఒక్కసారి పీకీసావంటే ఏది దేనిదో తెలీదు."

అన్నీ అలాగే చేశాడు. గురువులు చెప్పనిది కూడా ఒకటి చేశాడు. జాలరింట కొత్త వలైనా, కొత్త తాడైనా పసుపు పెట్టకుండా పనిలోకి దించరు. మరి పిల్ల ప్రాణం మోసే ప్లగ్గుల్ని ఉత్తినే దించుతాడా? వాటి తెల్లటి పింగాణీకి గంగమ్మ పేరు చెప్పి పసుపు ముద్ద దట్టంగా పూశాడు. ఇంజను గుర్రున లేచింది. భార్య చిట్టమ్మ బండికి దిష్టి కూడా తీసింది.

మర్నాడు మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. వెంటే వానా వచ్చింది. తల్లీకూతుళ్ళని వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. సగం కొండ ఎక్కేసరికి కారు దగ్గింది, వణికింది, ఆగిపోయింది.

"అయ్యా, నా వల్ల కాదయ్యా!" వెనక సీట్లో మహేశ్వరి మెలికలు తిరిగిపోతోంది.

అప్పలసూరి బానెట్ ఎత్తాడు. అన్నీ కొత్తవే! ఇంకేం కావాలి ఈ పాడు బండికి?

"తాళం తిప్పే, చిట్టమ్మా!" అని అరిచాడు.

ఆమె ముందుకు వంగి తిప్పింది. మబ్బు చీకట్లో అతనికి కనిపించింది. తడిసిన పసుపు మీద నీలం నిప్పు జరజరా పాకుతోంది. ప్లగ్గు లోపలికి పోవలసిన కరెంటు పసుపు మీదుగా పారిపోతోంది. చొక్కా విప్పి తుడవబోయాడు. చిట్టమ్మ వానలోకి దూకి చెయ్యి పట్టేసింది.

"పసుపు తుడిసేత్తావేటి మావా? పిల్ల నొప్పులు పడతాంటే! గంగమ్మ తల్లి ఊరుకుంటాదా?"

"తుడవకపోతే బండి లెగదే!"

"ఇంకేటైనా సెయ్యి. అది మాత్రం వద్దు!"

అతని చెయ్యి ఆగిపోయింది. ఎంత డ్రైవరైనా తనూ జాలరే కదా! పెట్రోలు పైపు ఊదాడు, బ్యాటరీ మొనలు గోకాడు, తెలిసిన దేవతలందరికీ మొక్కాడు. ఏదీ పని చెయ్యలేదు. వాన కురుస్తూనే ఉంది. చివరికి కారులోంచి మహేశ్వరి కేకేసింది.

"తుడిసీ అయ్యా! పాపమైతే నాకే తగల్నీ!"

కారులోంచి పొడిగుడ్డ తీసి ఏడుస్తూ తుడిచాడు. చిట్టమ్మ మొహం తిప్పేసుకుంది. ఈసారి తాళం తిప్పగానే బండి లేచింది.

మహేశ్వరి బతికింది. బిడ్డ దక్కలేదు. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టరమ్మ అంది. ఆసుపత్రి వరండాలో చిట్టమ్మ గోడకు తల బాదుకుంది.

"నీ సెయ్యి నాను పట్టుకోకపోతే బతికీవోడు మావా!"

"పూసింది నానే కదే," అన్నాడు అప్పలసూరి.

తర్వాత కూడా ఊరి ఆడవాళ్ళని అతనే కొండ దాటించాడు. కొత్త ప్లగ్గులు కొన్నప్పుడల్లా చిట్టమ్మ అట్టపెట్టెకి పసుపు బొట్టు పెడుతుంది. ప్లగ్గుల్ని మాత్రం పొడిగుడ్డతో తుడుస్తుంది. చాల్లే ఇవ్వవే అని అతను చెయ్యి చాపినా వినదు, ఇంకా తుడుస్తూనే ఉంటుంది.