సుత్తి మామ, తూర్పు గోడ

ఆ కొండంతా ఒకే గ్రానైట్ రాయి. భూమి లోతుల్లో నెమ్మదిగా చల్లారి, పైనున్నదంతా కోసుకుపోయాక బయటపడింది. నెత్తిన బరువు తగ్గేకొద్దీ ఉల్లిపాయలా పొరలు విడుస్తుంది. పడమటి పక్క వాలు. మొదట శిఖరం చేరినవాళ్లు అటునుంచే ఎక్కారు. తూర్పు గోడ నిట్టనిలువు. అది మనిషి తరం కాదని రెండు తరాలు నమ్మాయి. ఆ నమ్మకాన్ని చెరిపినవాడు సుత్తి మామ.

పేరుకు సుత్తి మామే గాని మాటల్లో పరమ పొదుపరి. వయసులో ఉండగా, తాడు తగిలించే మేకు దిగ్గొట్టే ముందు ప్రతి పొరనూ సుత్తితో తట్టి చూసుకుంటూ ఆ గోడ ఎక్కాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. విడిపోయిన పొర డొల్లగా మోగుతుంది. ఏటా మంచు కరిగాక తొలిసారి గోడ తట్టేది ఆయనే. ఆయన చెప్పేదాకా, కొండ ఎక్కించే గైడ్లెవరూ అటు అడుగు పెట్టరు.

ఈ ఏడు మామ దిగివచ్చి, తాళ్లు ఆరబెట్టే గదిలో గైడ్లతో అన్నాడు: "గోడంతా డొల్లబోయింది. రేపు మేకులు పీకేయండి. ఆ దారి మూసేద్దాం."

తన దారిని తానే మూయమన్న మనిషికి ఎదురు చెప్పేదెవరు?

ఇంట్లో ఆ సంగతి విన్న భార్య గిన్నెలు తోముతూ అంది: "నాలుగుసార్లు పిలిచినా పలకని మనిషి, రాయి పలకడం లేదని దాని మీద నేరం మోపుతున్నాడు."

కూతురూ గైడే. నవ్వబోయి ఆగిపోయింది. తెల్లవారగానే తండ్రిని పెరట్లోని బట్టలుతికే బండ దగ్గరికి తీసుకెళ్లింది.

"కొట్టు నాన్నా."

కొట్టాడు. "డొల్ల," అన్నాడు.

"దీన్ని ఏరి తెచ్చింది నువ్వే. నాకు ఖంగుమంటోంది."

మామ మళ్లీ కొట్టాడు. వయసు మీదపడితే చెవి ముందుగా వదులుకునేది సన్నని, పైస్థాయి ధ్వనులను. ఖంగుమనడంలో ఉండేవి అవే. అవి పోతే గట్టి రాయికీ డొల్ల మోతే మిగులుతుంది.

"అయితే పాడైంది కొండ కాదన్నమాట," అని సుత్తి ఆమె చేతికిచ్చాడు. "ఇక నువ్వే చూసుకో."

"నేను కొడతాను. నువ్వు పక్కన అరచెయ్యి ఆనించు."

ఆమె కొట్టినా అరచేతి కింద బండ కదల్లేదు. ఇద్దరూ తూర్పు గోడకు వెళ్లారు. గోడ దగ్గరా రెండో మేకు దాకా రాయి నిశ్చలంగానే ఉంది. మూడో మేకు పక్కన మాత్రం అరచేతి కింద సన్నని వణుకు, పొర విడిన చోట ఉండేది. మామ కళ్లు మూసుకుని ఇంకోసారి కొట్టమన్నాడు. అయిదో మేకు దాకా వెళ్లి దిగారు.

అప్పటికి గైడ్లు గడ్డపారలతో వచ్చారు.

"పీకొద్దు," అన్నాడు మామ. "డొల్లబోయింది నా చెవి. అయిదో మేకు దాకా గట్టిగా ఉంది. మిగతాది ఇవాళ చూస్తాం. మూడో మేకు ఒక్కటే మార్చాలి."

"నిన్న మొత్తం పీకమన్నావు కదా మామా," అని ఒక గైడ్ తానే మూడో మేకు దాకా ఎక్కి, తట్టి, పైనుంచి ఏదో అరిచాడు.

"ఏమంటాడు?" అన్నాడు మామ.

"మూడో మేకు దగ్గర డొల్లేనట," అంది కూతురు.

"నేను చెప్పలేదూ," అంటూ నడుముకు తాడు బిగించుకున్నాడు.