డెక్కల రొయ్యకు ఎనిమిది మెట్లు

ఆయన్ని వీధి వీధంతా స్కేలు బాబాయి అంటుంది. ఆ పేరు ఊరికే రాలేదు. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు డ్రాయింగు సెక్షన్లో కూర్చుని, ఏ బోల్టు కింద ఏ వాషరు పడాలో గీసి గీసి, చివరికి మనిషే గీత గీసినట్టు తయారయ్యాడు. రిటైరై నాలుగేళ్ళయినా చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు అలాగే ఉంది. రొట్టె కోస్తే ముక్కలన్నీ ఒకే మందం. గోడకు క్యాలెండరు తగిలిస్తే మూడడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చూసి, మళ్ళీ వచ్చి వెంట్రుకవాసి సర్దితే గాని ఆయన ప్రాణం కుదుటపడదు. అలాంటి మనిషికి ఆ దేవుడు ఎవర్ని కట్టబెట్టాడయ్యా అంటే, బొమ్మల పిన్నిని!

బొమ్మల పిన్ని జన్మలో స్కేలు ముట్టుకున్న పాపాన పోలేదు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేది. కవర్ల వెనకా, మందుల చీటీల మీదా, ఆఖరికి కిటికీ అద్దానికి పట్టిన ఆవిరి మీదా కూడా వేసేది. "అంత తేలిగ్గా ఎలా వస్తుందోయ్ నీకు?" అని ఆయన అడిగితే, "మీలా కొలవను కాబట్టి" అనేది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ వేసిన ఏనుగుకి నాలుగు కాళ్ళూ సమానంగా లేవని చెప్పి, పాపం ఈయన మూడు రోజులు మాటల్లేకుండా గడిపాడు. ఆ తర్వాత బొమ్మల జోలికి వెళ్ళలేదు.

ఆవిడ చివరగా పట్టుకున్న పుస్తకం 'మొదటిసారి గీసేవాళ్ళకు నీటి జీవాలు'. ఒక్కో జీవానికి ఒక్కో పేజీ, పేజీకి ఎనిమిది గళ్ళు. మొదటి గడిలో ఒక గుడ్డు ఆకారం ఉంటుంది. రెండో గడిలో దానికి తోక వస్తుంది. అలా ఎనిమిదో గడి చేరేసరికి చేపో తాబేలో తయారు. ఆ గళ్ళని పిన్ని మెట్లు అనేది. పుస్తకం మొదటి పేజీలో పిల్లలకు రెండే మాటలు రాసింది: 'గీత వణికితే వణకనివ్వండి. రబ్బరు ఆఖరి మెట్టు దాకా ముట్టుకోకండి.'

ఇరవై నాలుగు జీవాల్లో ఇరవై మూడు పూర్తయ్యాయి. మిగిలింది డెక్కల రొయ్య ఒక్కటే. అది వాగు నీళ్ళలో ఉండే రకం. ఒళ్ళు రొయ్యదే గాని ముందు పీతకున్నట్టు రెండు పెద్ద డెక్కలుంటాయి. రేపో మాపో దాన్ని మొదలుపెడుతుందనగా పిన్నికి కుడిపక్క పడిపోయింది.

ఏడు నెలలైంది. మాట తిరిగొచ్చింది. కాలు కూడా, కర్ర సాయంతో అయితేనేం, తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. ఎడం చేత్తో అన్నీ నేర్చుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. పిన్ని ఎడం చేత్తో చెంచా పట్టింది, దువ్వెన పట్టింది, పెన్సిలు మాత్రం ససేమిరా అంది. "ముప్ఫై ఏళ్ళు నా గీత చూసినవాళ్ళకి ఇప్పుడు ఈ పిచ్చి గీతలు చూపించమంటారా?" అని ఒకే ఒకసారి అని, పెన్సిళ్ళ డబ్బా తీసుకెళ్ళి అలమారా పైన పెట్టమంది. ఆయన పెట్టాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో ఏదో యంత్రం ఆగిపోయినట్టుండేది. పిన్ని కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూసేది. ఏం చూస్తున్నావోయ్ అంటే ఏమీ లేదనేది. ఈ మనిషి ఇలాగే కూర్చుని కూర్చుని మాయమైపోతుందేమోనని బాబాయికి లోలోపల భయం పట్టుకుంది.

ఇంతలో ఆ పుస్తకం అచ్చువేసే ప్రెస్సు ఆయన ఫోను చేశాడు. పిన్నిని అక్కా అని పిలుస్తాడు కాబట్టి ఈయన ఆయనకి బావ. "బావగారూ, ఏడు నెలలు ఆగాను. సోమవారం నుంచి ప్రింటింగు. ఆ ఒక్క పేజీ ఇంకెవరి చేతైనా వేయించేస్తాను. అక్కకి మీరే నచ్చజెప్పండి" అన్నాడు.

"వద్దు వద్దు! పేజీ సోమవారానికి వస్తుంది" అనేశాడు బాబాయి. ఎలా వస్తుందో ఆయనకే తెలీదు. ఇంకెవరో వేసిన రొయ్యతో ఆ పుస్తకం ఇంట్లోకి వస్తే ఇక ఆ డబ్బా అలమారా మీంచి దిగదని మాత్రం తెలుసు.

శనివారం పొద్దున్నే వీధి మలుపులో చేపలమ్మే ఆవిడకి చెప్పి ఒక డెక్కల రొయ్యని తెప్పించాడు. ఆవిడ బకెట్టుతో లోపలికే వచ్చి, కిటికీ కింద ఉన్న గాజు తొట్టెలోకి దాన్ని వదిలింది. బాబాయి వంగి చూశాడు. కుడి డెక్క బొటనవేలంత ఉంది. ఎడమది దాన్లో సగం కూడా లేదు.

"ఇదేంటమ్మా, లోపమున్నది తెచ్చావు?"

"లోపమేంటి బాబాయ్! ఏదో కొట్లాటలో ఊడిపోయుంటుంది. మళ్ళీ మొలుస్తోంది. వీటికంతే, పోతే ఇంకోటి పుట్టుకొస్తుంది. పిన్నీ, చూశావా నీ చుట్టాన్ని?" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. పిన్ని తొట్టెలోకి ఒకసారి చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

బాబాయి బల్ల మీద కాగితం పరిచాడు. ఎనిమిది గళ్ళు కొట్టాడు. గళ్ళ వరకూ దివ్యంగా వచ్చాయి. ఆ తర్వాతే తల ప్రాణం తోకకొచ్చింది. ముందు రొయ్య మధ్యగీత వేశాడు. వీపు మీది చిప్ప పొడవు కొలుద్దామని స్కేలు నీళ్ళలోకి దించితే, ఆ రొయ్య తోక ఒక్కసారి ముడిచి, తటాలున వెనక్కి పోయింది. ఈయన చొక్కా తడిసింది. మళ్ళీ స్కేలు పెట్టాడు, అది మళ్ళీ వెనక్కి. "ముందుకెళ్ళవేమే!" అని దానితో పోట్లాటకి దిగాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. మొత్తానికి మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎనిమిదో గడి దాకా వచ్చి, అలాగే కుర్చీలో వెనక్కి వాలాడు.

ఎండ కిటికీలోంచి తొట్టెలో పడి, నీటి వెలుగు ఇంటి కప్పు మీద మెల్లగా కదులుతోంది. చూస్తూ చూస్తూ ఉండగా కళ్ళు మూతపడ్డాయి. ఆ వెలుగు కిందే ఆయన నడుస్తున్నాడు, వెనక్కి. వెనక్కి నడవడం ఎంతో సుఖంగా ఉంది. ఫ్యాక్టరీ వరండా, డ్రాయింగు బల్లలు, పచ్చ దీపాలు, అన్నీ నీళ్ళలో మునిగి ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళితే ఒక బస్సు. పక్క సీట్లో కొత్త పెళ్ళికూతురు, అతని అరచెయ్యి తెరిచి వేలితో ఏదో గీస్తోంది. చక్కిలిగింత పెడుతోంది. ఏం గీశావు అంటే చెప్పకుండా నవ్వుతోంది. ఆ నవ్వు పెద్దదవుతోంది, ఇంకా పెద్దదవుతోంది.

ఉలిక్కిపడి లేచాడు. నవ్వు కలలోది కాదు. బల్లకి ఆనుకుని పిన్ని నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళొచ్చేలా.

"ఇదేంటండీ, రొయ్యా, పంపా?"

ఆవిడ తప్పేం లేదు. అలవాటు మనిషిని వదుల్తుందా! బాబాయి ప్రతి కాలికీ బాణం గుర్తేసి నంబరిచ్చాడు. తోక చివరి రెక్కలు అయిదూ విడివిడిగా, బిగించడానికి సిద్ధంగా ఉన్నట్టు గీశాడు. కింద మూల గడి కట్టి 'డెక్కలు: రెండు, కాళ్ళు: ఎనిమిది, మీసాలు: జత' అని పట్టీ కూడా రాశాడు.

"నట్లు కూడా పెట్టకపోయారా, పిల్లలు బిగించుకునేవాళ్ళు" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ.

ఏడు నెలల తర్వాత విన్న నవ్వు. బాబాయికి రోషమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందో తేల్చుకునేలోపే పిన్ని నవ్వు ఆగిపోయింది. ఆవిడ చూపు ఎనిమిదో గడి మీద ఉంది.

"డెక్కలు రెండూ ఒకేలా ఉన్నాయేంటి?"

"సరిచేశాను. కుడిదాన్ని పల్చటి కాగితం మీద ఎత్తి, తిప్పి, ఎడంపక్క వేశాను. చుక్క తేడా ఉండదు."

"దానిది చిన్నది కదా."

"చూసేవాళ్ళకి బాగుండదు కదోయ్."

"అంటే బాగుండనిది దాచెయ్యాలన్నమాట."

"నువ్వు చేస్తున్నదీ అదేగా!"

అనేశాడు. నాలుక కొరుక్కున్నాడు గాని, బయటపడిన మాటని ఎవడు వెనక్కి లాగగలడు? పిన్ని కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తొట్టెలో రొయ్య రాయి చాటునుంచి బయటికొచ్చి, ముందు పెద్ద డెక్క, తర్వాత చిన్న డెక్క గాజుకి ఆనించింది.

"డబ్బా దించండి" అంది పిన్ని.

ఆయన స్టూలెక్కి దించాడు. కొత్త కాగితం వేశాడు, గళ్ళు కొట్టాడు. పిన్ని ఎడం చేతిలోకి పెన్సిలు తీసుకుంది. తొలి గీత వంకర పోయింది. రెండోది గడి దాటిపోయింది. దవడ బిగించి, "మీరు సాయం గీతలు వెయ్యండి. పల్చగా. పెన్సిలు నొక్కారో చూడండి!" అంది.

"అలాగే."

"మొదటి మెట్టు, నిలువుగా ఒక గుడ్డు. అది వీపు చిప్ప. దాని కింద సన్నబడుతూ తోక, అందులో ఆరు అడ్డకట్లు. చివర విసనకర్రలా అయిదు రెక్కలు. స్కేలు పక్కన పెట్టండి ముందు!"

బాబాయి స్కేలు జేబులో పెట్టాడు. జన్మలో మొదటిసారి ఉత్త చేత్తో గుడ్డు గీశాడు. అది వంకాయలా వచ్చింది. పిన్ని దాని మీదే మెల్లగా తన గీత పోనిచ్చింది. ఆయన పల్చటి గీత, దాని మీద ఆవిడ వణికే గీత. డెక్కలకి కోలగా రెండు సంచులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కకి నాలుగేసి కాళ్ళు. కంటికో చుక్క. మీసాల దగ్గర చెయ్యి బాగా వణికింది. నీళ్ళలో ఉన్న మీసం ఎలాగూ వణుకుతుందని బాబాయి అనుకున్నాడు. ఒక్కో మెట్టుకీ ఆగి, వేళ్ళు విదిల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. ఎండ బల్ల మీంచి నేల మీదికి, నేల మీంచి గుమ్మంలోకి జరిగింది. కప్పు మీది వెలుగు పల్చబడింది. ఇద్దరికీ ఆకలి గుర్తు రాలేదు.

ఎనిమిదో గడి అయ్యాక పిన్ని చాలాసేపు చూసింది. తర్వాత, "రబ్బరివ్వండి" అంది.

బాబాయి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంత కష్టపడీ తుడిచేస్తుంది! రబ్బరు మీద గుప్పిట మూసి, "లేదు, ఎక్కడో పడిపోయింది" అన్నాడు.

"చేతిలో ఉంది."

"తుడవకే. నీకు దణ్ణం పెడతాను, తుడవకు. నాకిది బాగుంది. నిజంగా బాగుంది."

పిన్ని ఆయన వైపు వింతగా చూసింది. "మొదటి పేజీలో ఏం రాశానో మర్చిపోయారా? ఆఖరి మెట్టండీ ఇది. సాయం గీతలు తుడవాలి."

ఆయన గుప్పిట విప్పాడు. పిన్ని ఓపిగ్గా ఆయన గీతలన్నీ తుడిచింది, వంకాయ గుడ్డుతో సహా. ఊదింది. కాగితం మీద ఆవిడ గీతే మిగిలింది. వణుకుతూ ఉంది, అయినా అది రొయ్యే, చిన్న డెక్క ముందుకు చాపిన రొయ్య. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాల్లో ఏ మచ్చా లేదు.

ఆదివారం రొయ్యని చేపలావిడకే ఇచ్చి, తీసుకెళ్ళి వాగులో వదిలెయ్యమన్నారు. సోమవారం పొద్దున్నే బాబాయి కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టుకుని ప్రెస్సుకి నడిచాడు. ప్రెస్సు ఆయన దాన్ని తీసి, లైటు కింద పెట్టి, దగ్గరికి వంగి చూశాడు.

"అక్కే వేసిందా?"

"ఆవిడే."

"బావగారూ, ఏమనుకోకండి. అక్కడక్కడా కాస్త వణికింది. కంప్యూటర్లో పెట్టి ఆ గీతలు సాఫు చేయించనా? అయిదు నిమిషాల పని."

ముప్ఫై నాలుగేళ్ళు ఎవడి గీత వంకరపోయినా కాగితం మొహాన కొట్టి మళ్ళీ గీయించిన మనిషి, జేబులోని స్టీలు స్కేలు మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.

"వెంట్రుకవాసి కదిపావంటే ఊరుకోను" అన్నాడు.