పాత పేపర్లో తాత పేరు

పెబ్బేరు దగ్గరి మా ఊళ్లో మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఎనభై దాటినా నిండు ముత్తయిదువ. తాత ఎప్పుడో కూలీలను కూడగట్టి తీసుకుపోయే పక్క ఊరి గుంపుమేస్త్రీ వెంట ఆనకట్ట పనికి పోయి తిరిగి రాలేదు. చనిపోయాడన్న కబురూ రాలేదు. అందుకే ఆమె బొట్టు, గాజులు, మెట్టెలు అట్లాగే ఉండిపోయాయి. పెళ్లిళ్లలో పసుపు దంచడానికి ఇప్పటికీ ఆమెనే ముందు పిలుస్తారు.

పాత పత్రికలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారని తెలిసి, తాత జాడ తీస్తానని అవ్వతో గొప్పగా చెప్పాను. ఆమె సరే అనలేదు, వద్దనీ అనలేదు. నాకెందుకొచ్చిన పీడ చెప్పండి! ఆ అరిగిన అచ్చులో పేరు కొట్టి వెతికితే ఏమీ రాదు. కళ్లు మండేదాకా ఒక్కో పేజీ చదవాల్సిందే.

మొన్న ఆదివారం పొద్దున, గద్వాలలో మా ఇంట్లో, ఒక పేజీ మూలన నాలుగు వరుసలు కనిపించాయి. మట్టి విరిగిపడి చనిపోయిన కూలీల పేర్లు. చివరిది తాతది. పక్కనే తండ్రి పేరుగా ముత్తాత పేరు, మా ఊరి పేరు. పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. అదే పేరు. ఈ సంగతి ఊళ్లో పొక్కితే ఈ వయసులో అవ్వ గాజులు పగలగొట్టి, బొట్టు తుడుస్తారు. అదీ నా మూలంగా! రెండు రోజులు ముద్ద దిగలేదు.

మూడో రోజు ఊరికి పోయాను. అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"ఏందే, మొకం గట్ల పెట్టినవ్? తాత దొరికిండా?"

ఫోన్ వెనక్కి దాచుకున్నాను.

"మట్టి పడ్డదని రాసిన్రా?"

"నీకెట్ల తెలుసు అవ్వా?"

"ఎంబడి పోయినోడొకడు ఆ యేడే వచ్చి చెప్పిండు. ఎవ్వరికి చెప్పకని వాని కాళ్లు మొక్కిన. మీ నాయిన సంకలుండె. మొగడు లేనిదని తెలిస్తే కూలి గుంపుల నన్ను బతకనిస్తరా? రేపో మాపో వస్తడని చెప్పుకుంట పని చేసిన. ఏడ్వనీకి గూడ భయమైతుండె బిడ్డా. ఏడిస్తే తెలుస్తది గద."

వీధి అటూ ఇటూ చూసి, నన్ను లోపలికి లాక్కుపోయింది.

"దర్వాజ ఎయ్యి. ఇగ సదువు. మెల్లగ."

ఫోన్‌లో ఆ నాలుగు వరుసలు తెరిచి చదివాను. తాత పేరు దగ్గరికి రాగానే అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.